దిష్టి తీసే ముందు డైపర్ చూడండి

సాయంత్రం అయ్యేసరికి పసివాడు గుక్కపట్టి ఏడుస్తాడు. అమ్మమ్మ దిష్టి అంటుంది, నాన్నమ్మ గ్యాస్ అంటుంది, పక్కింటావిడ గ్రైప్‌వాటర్ సీసాతో వస్తుంది. పుట్టిన 2, 3 వారాలకు మొదలై, 6వ వారానికి బాగా ఎక్కువై, 3, 4 నెలలకల్లా దానంతటదే తగ్గిపోయే ఏడుపు ఇది. అందుకే ఎవరేం చేసినా వాళ్ల వైద్యమే పనిచేసినట్టు అనిపిస్తుంది. బిడ్డ పాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, ఏడుపు ఆగాక హుషారుగా ఉంటే కంగారు పడక్కర్లేదు. భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి. కాసేపు ఎత్తుకుని తిప్పండి.

చిక్కల్లా ప్రతి ఏడుపునూ ఈ ఖాతాలోనే వేసేయడంతో వస్తోంది. నిన్నటిదాకా బాగున్న 7 నెలల బిడ్డ ఉన్నట్టుండి కాళ్లు పొట్టకు ముడుచుకుని కెవ్వుమంటాడు. పాలిపోతాడు. కాసేపటికి ఊరుకుంటాడు. హమ్మయ్య అనుకునేలోపు, 15, 20 నిమిషాలకు మళ్లీ అదే. పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరి ఇరుక్కుపోతే ఇలా జరుగుతుంది. వైద్యులు దీన్ని ఇంటస్ససెప్షన్ అంటారు. నెత్తురు, జిగురు కలిసి ఎర్రటి జెల్లీలా విరేచనం అయ్యేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైనట్టే. త్వరగా తీసుకెళ్తే చాలామందికి మలద్వారం నుంచి గాలి గానీ సెలైన్ గానీ పంపి, కోత లేకుండానే సరిచేస్తారు.

పాలు కక్కడం మామూలే. పసరు కక్కితే మాత్రం వేడి చేసిందని సరిపెట్టుకోవద్దు. చంటిబిడ్డకు ఆకుపచ్చ వాంతి అయిందంటే పేగు మూసుకుపోయిందేమోనని అనుమానించాల్సిందే. అర్ధరాత్రయినా సరే, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి.

ఇక విరేచనాలు. తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు 7, 8 సార్లు వెళ్లొచ్చు. నెల దాటాక 4, 5 రోజులకోసారి వెళ్లినా, మెత్తగా అవుతుంటే తప్పులేదు. కానీ నీళ్ల విరేచనాలవుతుంటే 'పళ్లొస్తున్నాయిలే' అని వదిలేసే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో! పళ్లొచ్చే వయసూ, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే. రోగం వచ్చేది ఆ నోటి దారినే. 6 గంటలకు పైగా డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, కళ్లు గుంటలు పడినా, మాడు లోపలికి దిగినా ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. అంతవరకూ ఏడ్చినవాడు మత్తుగా పడిపోతే 'నిద్రపోయాడు, పోన్లే' అనుకోకండి. ఏడుపు కన్నా భయపడాల్సింది ఆ నిశ్శబ్దానికే.

విరేచనాలు మొదలవగానే పాలు ఆపొద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. గ్లాసుకు చిటికెడు చొప్పున కలిపితే పాళ్లు తప్పుతాయి. అట్టడబ్బాల్లో అమ్మే పళ్లరసాలు దీనికి బదులు కావు.

బొడ్డు చుట్టూ ఇంగువ రాస్తామంటే రాసుకోండి, వాతలు మాత్రం పెట్టించకండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డైపర్‌నో, వాంతి పడిన గుడ్డనో కవర్లో వేసుకెళ్లండి, లేదా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఏ రంగు, ఎన్నిసార్లు, చివరగా మూత్రం ఎప్పుడు పోశాడు? డాక్టరు మొదట అడిగేవి ఇవే.