ఎదుట గూర్చుండు పృచ్ఛకురాలు



గడచిన నెలలో వచ్చిన జాబులలో నొకదానికే యీసారి మన పుట యంతయు నియ్యవలసి వచ్చినది. వ్రాసిన సోదరి గృహిణి. ఆమెయు, ప్రక్కయింటి స్నేహితురాలును గలసి స్పానిషు భాష నేర్చుకొని, అందు మొదటి మెట్టగు డెలే ఏ1 పరీక్షకు రుసుము చెల్లించినారట. "చదువుటకును వ్రాయుటకును వెఱపు లేదు. సంభాషణ పరీక్షయే భయము. మేమిద్దఱము ప్రశ్నలును జవాబులును వ్రాసికొని కంఠస్థము చేయుచున్నాము. పెండ్లియైన యీ యాఱేండ్లలో క్రొత్తవారి యెదుట గూర్చుండి నా సంగతి నేను చెప్పుకొన్నది లేదు. ఇంటి ఖర్చులో మిగిల్చిన సొమ్ము వ్యర్థమగునేమో" అని వారు వ్రాసిరి.

ముందుగా పరీక్ష సంగతి. దీనిని నడుపునది సెర్వాంతెస్ సంస్థ. స్పెయిను ప్రభుత్వము 1991లో దీనిని స్థాపించినది; మన ఢిల్లీలోను శాఖ యున్నది. సంభాషణ పరీక్షకు సిద్ధపడుటకు పది నిమిషములు, మాటలాడుటకు సుమారు పది నిమిషములు ఇత్తురు. మొదట తన్ను గూర్చి చెప్పవలెను. పిదప ఇల్లు, కుటుంబము, భోజనము వంటి తెలిసిన విషయమొకటి చెప్పవలెను. అటుపిమ్మట, చెప్పినదానిపైననే పరీక్షకులు ప్రశ్నింతురు. సిద్ధపడునపుడు వ్రాసికొన్న కాగితమును చూచుకొనవచ్చును గాని, చదువరాదు. గదిలో నిద్దఱుందురు: ఒకరు మాటలాడింతురు, రెండవవారు పలుకక మార్కులు వేయుదురు. వినుటకు 25, మాటలాడుటకు 25. ఈ రెంటిని గలిపి 50లో 30 రావలెను. అనగా చెవిని, నాలుకను ఒకే త్రాసులో వేసి తూచుచున్నారన్నమాట. ఆ గదిలోనికి స్నేహితురాలు రాదు. ఈ మాట గుర్తుంచుకొని, ఆమెతో నెట్లు సాధన చేయవలయునో చూడుడు.

వల్లెవేయుట చెడ్డదని నేననను. అమరమును, శతకములను వల్లెవేసి పెరిగినదానను. కాని మన అవధాన సభను తలచుకొనుడు. అవధానికెంత ధారణ యున్నను, ఏమి యడుగవలెనో నిర్ణయించువాడు పృచ్ఛకుడు. వారిలో అప్రస్తుత ప్రసంగము చేయువాడొకడు నడుమనడుమ అడ్డు తగులుచుండును. ఆ అడ్డును దాటి మరల దారిలో పడుటలోనే అవధాని బలము తెలియును. మీ స్నేహితురాలు మీ సంభాషణలో రెండవ వేషము ధరించిన నటి గారాదు; పృచ్ఛకురాలు గావలెను. ఇద్దఱకును జవాబు ముందే తెలిసిన ప్రశ్న, ప్రశ్నయే కాదు.

నిరుడు మా మరదలు ఈ పరీక్షకే సిద్ధపడినది. నాకు స్పానిషు రాదు. ఏమి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎట్లు, ఎంత, ఎందుకు అను నేడు ప్రశ్నపదములను మాత్రము కే, కియెన్, దోందే, క్వాందో, కోమో, క్వాంతో, పోర్ కే యని నేర్చుకొని, ఆమె పుస్తకమునుండి చిన్న ప్రశ్నలు కొన్ని యేరుకొంటిని. ఆమె తన్ను గూర్చిన వాక్యములు పండ్రెండు గుక్క తిప్పుకొనక చెప్పెడిది. "నాకొక అన్నగారున్నారు" అన్నచోట నాపి, "ఆయన యేమి పని చేయును?" అని యడిగితిని. అంతే, ధార తెగినది. ఉపాధ్యాయుడనుటకు 'ప్రొఫెసోర్' అను మాట మొదటి వారముననే నేర్చినది. అన్నగారు ప్రక్క గదిలో పిల్లల కాపీలు దిద్దుచునేయున్నారు! అయినను నేలవైపు చూచి, "వదినా, అది నేను వ్రాసికొనలేదు" అన్నది. ఆమెకు కొఱవడినది భాష కాదు. తెగిన దారమును ముడివేసికొను నేర్పు.

ఆ ముడికి మూడు మాటలు చాలును. నో ఎంతియెందో: నాకు తెలియలేదు. ప్వేదే రెపెతిర్, పోర్ ఫవోర్: దయచేసి మరల చెప్పుదురా. మాస్ దెస్పాసియో: మెల్లగా. వీనిని పలుకుట యోటమి యని మనవారనుకొందురు. కాదు, ఇవియు స్పానిషే, వీనిని సమయమునకు పలుకుట సంభాషణలో భాగమే. మా మరదలిచేత నిత్య మొక్కసారియైన వీనిని పలికించుటకై నేను కావలెనని గొణిగెడిదానను.

ఇక తెలుగు నాలుకకు గల భాగ్యము చెప్పకుండ నుండలేను. వారి అచ్చులు ఐదు. ఆ, ఎ, ఇ, ఒ, ఉ వలె స్పష్టములు. త, ద లు మనవి వలె దంత్యములే. "నాకు కాఫీ యిష్టము" అనుటను "మే గుస్తా ఎల్ కఫే" అందురు. అక్కడను ఇష్టము 'నాకు' కలుగును. ఇష్టమైనవి పెక్కులైనచో 'గుస్తాన్' అనవలెను, ఇంతే భేదము. కాని వయస్సును, ఆకలిని వారు 'కలిగియుందురు': తెంగో త్రెయింతా ఆన్యోస్, ముప్పది యేండ్లు గలదానను, తెంగో ఆంబ్రే, ఆకలి గలదానను. మనము జాఱిపడు చోటొకటి యున్నది. "మా అన్న ఉపాధ్యాయుడు" అని క్రియ లేకయే మనము వాక్యమును ముగింతుము. వారికి నడుమ 'ఎస్' ఉండితీరవలెను: మీ ఎర్మానో ఎస్ ప్రొఫెసోర్. ఆయన యింట నున్నాడనుటకు మఱియొక క్రియ: ఎస్తా ఎన్ కాసా. పృచ్ఛకురాలు చెవియొగ్గి పట్టవలసిన తప్పిదే.

లింగమును గూర్చి విసుగుకొనకుడు. సంస్కృతమున భార్య స్త్రీలింగము, దార పుంలింగము, కళత్రము నపుంసకము. ముగ్గురును ఒక్క యిల్లాలే గదా! అట్లే వారికి చేయి యనెడి మానో స్త్రీలింగము, దినమనెడి దియా పుంలింగము. లా మానో, ఎల్ దియా అని ముందు మాటతో గూడ నేర్చుటయే యుపాయము. పెరో యనగా 'కాని', పెర్రో యనగా కుక్క. మన వ్రాతలో మఱుగుపడుచున్న శకటరేఫము అక్కడ గట్టిగా మ్రోగుచున్నదనుకొనుడు. చుట్టఱికములలో మాత్రము వారు పేదలు. వదినయు మరదలును వారికి 'కున్యాదా' యే. అక్కను పెద్ద సోదరి యనియు, చెల్లెలిని చిన్న సోదరి యనియు చెప్పవలెను.

సాధనకు రోజున కర్ధగంట చాలును. గడియారము నెదుట బెట్టుకొనుడు. మొదటి సగము ఒకరు పృచ్ఛకురాలు, రెండవ సగము మఱియొకరు. అవతలివారు ఆగినపుడు తెలుగున మాట అందింపకుడు. మనసులో పది లెక్కించి, అదే ప్రశ్నను చిన్నదిగా జేసి మరల నడుగుడు. తప్పులను అప్పటికప్పుడు దిద్దక కాగితమున గుర్తువేసి చివర చెప్పుడు. నవ్వకుడు. ఒకనాడు 'తూ' అని చనువుగా, మఱునాడు 'ఉస్తెద్' అని మన్ననగా అడుగుడు. ఈ రెంటికిని క్రియారూపములు వేఱు గనుక చెవి రెంటికిని అలవడవలెను.

కడపటి వారమున స్నేహితురాలి గొంతు మాని, క్రొత్త గొంతు వినిపింపుడు. పంతులమ్మగారిని ఫోనులో నాలుగు ప్రశ్న లడుగుమని వేడుకొనవచ్చును. పలుకక మార్కులు వేయు రెండవవారి స్థానమునగూడ నెవరినైన కూర్చుండబెట్టుట మంచిది. మా యింట నా పీట మా అత్తగారిది. వారికి స్పానిషు ముక్కయు రాదు. కాగితము, కలము పుచ్చుకొని, మరదలు నోరు తెఱచినప్పుడెల్ల తలయెత్తి చూచి యేదో వ్రాసెడివారు. మొదటి రెండు దినములు ఆ కలము కదలికకే పిల్లకు మాట తడబడినది. నాలుగవనాటికి అటు చూచుటయే మానివైచి, అన్నగారి యుద్యోగము, తన కాఫీ, మా పెరటి మామిడి యన్నియు నేకరువు పెట్టినది. పిమ్మట కాగితము తీసి చూతుము గదా, కందిపప్పు రెండు కిలోలు, చింతపండు, ఆవాలు, దీపపు వత్తులు.