ఉపకరణత్యాగమా, ఫలత్యాగమా?

గ్రంథతాత్పర్యాన్ని నిర్ణయించడానికి మన పూర్వాచార్యులు షడ్విధ లింగాలను ఆశ్రయించారు. ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అనేవి ఆ ఆరు. గ్రంథం దేనితో ఆరంభమైనది, దేనితో ముగిసినది, మధ్యలో దేనిని పునఃపునః చెప్పినది అని పరిశీలిస్తే దాని హృదయం తెలుస్తుంది. మరి ముగింపును గ్రహీత చేతికే విడిచిన కథ విషయంలో ఏమి చేయాలి? అక్కడా ఈ లింగాలే శరణ్యం. ఉపక్రమానికీ అభ్యాసానికీ అనుగుణమైనదే యుక్తమైన ఉపసంహారం.

ఫ్రాన్సు దేశపు డోంట్‌నాడ్ సంస్థ 2015లో ఐదు భాగాలుగా వెలువరించిన ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ అనే వీడియో గేమ్ అటువంటి కథ. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, ఆర్కేడియా బే అనే కల్పిత తీరపట్టణంలో, ఛాయాగ్రహణం అభ్యసించే మాక్స్ అనే యువతికి కాలాన్ని వెనుకకు త్రిప్పే శక్తి లభిస్తుంది. తుపాకి గుండుకు బలియైన ఒక అపరిచితను ఆ శక్తితో ఆమె బ్రతికిస్తుంది. ఆ యువతి తన బాల్యసఖి క్లోయీ అని పిదప తెలుస్తుంది. చివరి భాగంలో పట్టణాన్ని కబళించబోయే మహాసుడిగాలికి మాక్స్ జోక్యమే కారణమని కథ సూచిస్తుంది. అప్పుడు దీపస్తంభం చెంత ఆమెకు రెండే మార్గాలు. తొలినాటి ఛాయాచిత్రం ద్వారా ఆ క్షణానికి తిరిగి వెళ్ళి, క్లోయీ మరణాన్ని అడ్డుకొనకుండటం ఒకటి. ఆ చిత్రాన్ని చించివేసి, సఖిని నిలుపుకొని, పట్టణాన్ని సుడిగాలికి విడవడం రెండవది.

మొదటి ముగింపును సమర్థించేవారు సాధారణంగా సంఖ్యాన్యాయాన్ని ఆశ్రయిస్తారు: ఒకరికంటే అనేకులు మిన్న. కులరక్షణకై ఒకనిని విడువుమని విదురుడు ధృతరాష్ట్రునికి చేసిన హితవు ఇక్కడ స్ఫురించవచ్చు. కాని ఆ హితవు దుర్యోధనుని ఉద్దేశించినది. క్లోయీ నిరపరాధిని. నిరపరాధిని ప్రాణాన్ని లెక్కలో తీసివేయడానికి ఆ నీతి ప్రమాణం కాజాలదు.

రెండవ పక్షపు వాదం ఇంతకంటే బలమైనది. శక్తిప్రయోగమే అనర్థహేతువైతే, మరల అదే శక్తిని ప్రయోగించి అనర్థాన్ని తొలగించడం ఎట్లు పొసగుతుంది? చిత్రాన్ని చించడమే కదా నిజమైన త్యాగం? జరిగినదానిని జరిగినట్లు స్వీకరించడమే కదా వివేకం? ఈ పూర్వపక్షాన్ని తేలికగా త్రోసివేయరాదు.

దీనికి సమాధానం గీతలోని అష్టాదశాధ్యాయంలో ఉన్నది. సన్న్యాసానికీ త్యాగానికీ భేదమేమని అర్జునుడు ప్రశ్నించగా, భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించాడు. విహితకర్మను మోహవశాన విడవడం తామసం. క్లేశభయంతో విడవడం రాజసం. కర్తవ్యమనే బుద్ధితో కర్మను ఆచరిస్తూ, సంగాన్నీ ఫలాన్నీ విడవడం సాత్త్వికం. చిత్రాన్ని చించిన మాక్స్ ఉపకరణాన్ని విడిచినది, ఫలాన్ని మాత్రం గట్టిగా పట్టుకొన్నది. వెనుకకు వెళ్ళిన మాక్స్ ఉపకరణాన్ని చివరిసారి గ్రహించి, అత్యంత ప్రియమైన ఫలాన్ని విడిచినది. బాహ్యదృష్టికి మొదటిది త్యాగంగా తోచినా, అంతర్దృష్టికి రెండవదే త్యాగం.

కథలోని అభ్యాసం కూడా దీనినే సమర్థిస్తున్నది. క్లోయీ తండ్రి విలియం కారు ప్రమాదంలో మరణించకుండా మాక్స్ ఒకసారి గతాన్ని మార్చుతుంది. ఆ మార్పు ఫలితంగా క్లోయీయే వేరొక ప్రమాదానికి గురియై, శరీరం చచ్చుబడి పరాధీన అవుతుంది. చివరకు మాక్స్ మరల వెనుకకు వెళ్ళి విలియం మరణాన్ని అంగీకరించవలసి వస్తుంది. అంతకుమునుపు, సహాధ్యాయిని కేట్ ప్రాణత్యాగానికి సిద్ధపడిన ఘట్టంలో, మాక్స్ శక్తి అక్కరకు రాదు. ఆ స్నేహితురాలి బాధను అంతవరకు ఎంత శ్రద్ధతో గమనించినదో, అదే ఇప్పుడు రక్షణోపాయం. ఫలాన్ని ముందుగా చూచి కర్మను దిద్దుకొనే వీలు లేని ఆ చోట, మాక్స్ సంపూర్ణ శ్రద్ధతో మాట్లాడవలసి వస్తుంది.

ఇక ఉపక్రమం. మాక్స్ తొలికార్యం దోషం కాదు. ఎవరో తెలియని ప్రాణిపై కలిగిన నిస్సంగ కారుణ్యం అది. సంగం తరువాత పెరిగినది. మొదటి ముగింపులో ఆమె తిరిగి అదే గదిలో, అదే గోడ చాటున కూర్చుంటుంది. ఉపక్రమోపసంహారాలకు ఇంతకంటే స్పష్టమైన ఏకవాక్యత ఉండదు. పైగా తల్లి జాయిస్ మొదలైనవారు బ్రతకాలని కోరి, ఆ చిత్రాన్ని చేతికి ఇచ్చినది క్లోయీయే.

ఇంతమాత్రాన క్లోయీ మరణం న్యాయమని కాదు. ఆ దుఃఖానికి పరిహారం లేదు. గడచిన వారమంతా ఒక్క మాక్స్ స్మృతిలోనే మిగులుతుంది. ఆమె చేసిన త్యాగాన్ని ఎరిగి ప్రశంసించేవారు ఒక్కరూ ఉండరు. ఇల్లు విడిచి, వృత్తి విడిచి, గుర్తింపు అనే ఫలాన్ని మాత్రం విడువలేక తపించే సాధకులు విచారించవలసిన విషయం ఇదే.