అచ్చిరాలేదన్న ఒక్క మాట

బెంగళూరులో సిల్క్‌బోర్డు దాటి హోసూరు రోడ్డు మీద ముందుకు వస్తే బొమ్మనహళ్ళి. పైన ఎలక్ట్రానిక్ సిటీకి పోయే ఫ్లైఓవరు, 2025 ఆగస్టు నుంచి మెట్రో పసుపు లైను. కింద, సందుల్లో, ముప్పై బై నలభై సైట్లలో ఒకదానికొకటి ఆనుకున్న నాలుగైదు అంతస్తుల మేడలు. వాటిలో పీజీ హాస్టళ్ళు, మెస్సులు, కర్రీ పాయింట్లు. నెల్లూరు, ప్రకాశం, కడప, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి వాటిని నడుపుతున్న తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది. నడిపి, నష్టపోయి, మూసేసినవాళ్ళూ తక్కువేమీ కాదు.

మూసేసినవాళ్ళను ఏమైందన్నా అని అడిగితే వచ్చే జవాబు ఎక్కువసార్లు ఒకటే: "ఆ బిల్డింగు మాకు అచ్చిరాలేదు తమ్ముడూ."

తెలుగులో ఈ మాటకున్న బలం మరే మాటకూ లేదు. ఆవు అచ్చిరాలేదంటాం, బండి అచ్చిరాలేదంటాం, భాగస్వామి అచ్చిరాలేదంటాం. అనేసరికి విన్నవాళ్ళు తలూపుతారు, ఇంకో ప్రశ్న వేయరు. అడ్వాన్సు ఎంత కట్టావు, ఎంత వడ్డీకి తెచ్చావు, ఎన్ని మంచాలు నిండాయి అని అడగాల్సిన చోట ఈ ఒక్క మాట తలుపు మూసేస్తుంది. దెబ్బతిన్న మనిషికి అది కాసేపు ఓదార్పే, కాదనను. కానీ ఎందుకు పడ్డాడో తెలియని మనిషి రెండోసారి లేచినా ఆ గుంట పక్కనే నడుస్తాడు. అందుకే ఈ మాట మీద నాకు కోపం.

2020 మార్చిని ఒకసారి గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్ వచ్చింది. ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పనిచేయమన్నాయి, కాలేజీలు మూతపడ్డాయి, కుర్రాళ్ళు పెట్టెలు సర్దుకుని ఊళ్ళకు వెళ్ళిపోయారు. బొమ్మనహళ్ళి, బీటీఎం, హెచ్‌ఎస్‌ఆర్, మారతహళ్ళి, ఎక్కడ చూసినా పీజీలు ఖాళీ. తూర్పు ముఖం మేడ ఖాళీ, దక్షిణ ముఖం మేడ ఖాళీ. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టినదీ ఖాళీ, కట్టనిదీ ఖాళీ. గృహప్రవేశం రోజు ఆవును నడిపించినవాళ్ళూ, హోమం చేయించినవాళ్ళూ, ఏ తంతూ లేకుండా తాళం తీసి లోపలికి వెళ్ళినవాళ్ళూ ఒకే నెలలో దెబ్బతిన్నారు. వాస్తును పరీక్షించడానికి ఇంతకన్నా పెద్ద ప్రయోగం ఎవరూ ఏర్పాటు చేయలేరు. ఒక నగరంలోని పీజీలన్నీ ఒకేసారి కూలాయి, వాటి దిక్కులు మాత్రం నాలుగు.

ఆ దెబ్బకు తట్టుకోగలిగేది ఎవరు? నాలుగు నెలల అద్దె చేతిలో ఉంచుకున్నవాడు, అద్దె తగ్గించడానికి ఒప్పుకున్న ఓనరు దొరికినవాడు, అప్పు తక్కువగా చేసినవాడు. ఈశాన్యం పెంచిన చోటు ఏ ఓనరు చేతా అద్దె తగ్గించలేదు.

ఈశాన్యం సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1,200 చదరపు అడుగుల సైటులో, ప్రతి గదికీ బాత్రూం ఉండేలా మేడ కడితే, ఈశాన్యం మూలన ఎక్కడో ఒక అంతస్తులో మరుగుదొడ్డి పడే అవకాశమే ఎక్కువ. మూతపడిన పీజీకి వాస్తు పండితుణ్ణి పిలిపిస్తే ఆయనకు దోషం దొరకడం కష్టం కాదు. నిండా నడుస్తున్న పక్క పీజీకి పిలిపించినా అదే దోషం దొరుకుతుంది. కానీ నడుస్తున్నదానికి ఎవరూ పిలిపించరు. కాబట్టి పండితుడి అనుభవంలో దోషమున్న ప్రతి ఇల్లూ మునిగిన ఇల్లే. ఆయన అబద్ధం చెబుతున్నాడనడం లేదు. ఆయన చూసింది సగమే.

ఏలినాటి శని లెక్క కూడా ఇంతే. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. అంటే ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్ళు. మన రాశికి ముందు రాశి, మన రాశి, తర్వాతి రాశి కలిపి ఏడున్నరేళ్ళు ఏలినాటి శని అంటారు. ఎప్పుడు చూసినా పన్నెండు రాశుల్లో మూడింటికి అది నడుస్తూనే ఉంటుంది, అంటే నలుగురిలో ఒకరికి. దానికి అర్ధాష్టమ శని, అష్టమ శని కలిపితే పన్నెండింటిలో ఐదు రాశులు. వ్యాపారంలో నష్టపోయిన పదిమందిని సిద్ధాంతి దగ్గర కూర్చోబెడితే నలుగురికి ఏదో ఒక శని తగులుకునే ఉంటుంది. లాభాల్లో ఉన్న పదిమందిని కూర్చోబెట్టినా నలుగురికి తగులుకునే ఉంటుంది. మిగిలిన ఆరుగురికి రాహువో, కుజుడో, గురుబలం లేకపోవడమో ఉండనే ఉంది.

ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ పుణెలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో రాణించిన పిల్లలవి, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి కలిపి రెండు వందల జాతకాలు సేకరించారు. 27 మంది జ్యోతిషులకు తలా నలభై జాతకాలు ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. సరిగా చెప్పినవి నూటికి 46. నాణెం ఎగరేసి చెప్పినా యాభై వస్తాయి. తెలివికీ మాంద్యానికీ మధ్య ఉన్నంత పెద్ద తేడాను పట్టలేని జాతకచక్రం, బొమ్మనహళ్ళిలో మెస్సు నడుస్తుందో లేదో ఎలా చెబుతుంది?

ఇక అసలు లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకుని చూసుకోండి. అరవై మంచాల పీజీ. మనిషికి నెలకు 7,500. మేడ అద్దె 1,80,000. వంటమనిషి, పనివాళ్ళ జీతాలు 50,000. కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్ 40,000. ఇవి మంచాలు నిండినా నిండకపోయినా కట్టాల్సినవి, మొత్తం 2,70,000. తిండికి మనిషికి 2,200 పోతే, ఒక్కో మంచం మీద మిగిలేది 5,300. అరవై నిండితే నెలకు 48,000 మిగులుతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇప్పుడు పది లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. నెలకు 20,000. ఆరు మంచాలు ఖాళీ అయితే నష్టం మొదలు. అదే మూడు రూపాయల వడ్డీ అయితే నాలుగు మంచాలకే నష్టం. అరవైలో నాలుగు! ఎండాకాలంలో బోరు ఎండి ట్యాంకరు నీళ్ళు కొన్న నెలలో, పక్క సందులో కొత్త పీజీ తెరిచిన నెలలో, సాంబారు పలచబడిన నెలలో నలుగురు కుర్రాళ్ళు మంచాలు ఖాళీ చేయడం ఎంతసేపు?

ఈ మాత్రం లెక్క నోటుబుక్కులో ఒక పేజీ. ఆ పేజీ రాసుకున్నవాడు వ్యాపారంలోకి దిగకపోవచ్చు, దిగితే చౌకగా అప్పు తెస్తాడు, లేదా అరవైకి బదులు ముప్పై మంచాలతో మొదలుపెడతాడు. "అచ్చిరాలేదు" అన్నవాడు మాత్రం తూర్పు ముఖం మేడ వెతుక్కుని, అదే అద్దెకు, అదే వడ్డీకి మళ్ళీ దిగుతాడు.

ముహూర్తం ఖర్చు ఎవరూ లెక్కేయరు. అడ్వాన్సు కట్టాక, ఆషాఢమనో మౌఢ్యమనో నెలా రెండు నెలలు మేడకు తాళం వేసి ఉంచుతారు. అద్దెకు ఆషాఢం ఉండదు. అందులోనూ ఆషాఢం వచ్చేది జూన్, జూలైల్లో. ఇంజనీరింగ్ ముగించిన పిల్లలు ఉద్యోగాలకూ కోచింగులకూ బస్సు దిగేది సరిగ్గా అప్పుడే. శ్రావణం దాకా ఆగితే పిల్లలు ఇంకో చోట చేరిపోతారు. శుభలేఖలో పేర్లు వేసి, అతిథులు వచ్చే రోజున గుమ్మం మూసినట్టు.

పెద్ద పెద్దవాళ్ళే ముహూర్తం చూస్తారు కదా అని అడుగుతారు. చూస్తారు. మునిగిన పెద్దవాళ్ళూ చూశారు. మన సినిమావాళ్ళను మించి ముహూర్తం పాటించేవాళ్ళు ఉన్నారా? కొబ్బరికాయ కొట్టకుండా క్లాప్ కొట్టరు. ఆడినదానికీ, ఆడనిదానికీ కొబ్బరికాయ కొట్టే ఉంటారు. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ తొలి సినిమా 'షావుకారు' 1950లో వచ్చింది. మంచి సినిమా, డబ్బు మాత్రం అనుకున్నంత రాలేదు. మరుసటి ఏడాది అదే సంస్థ, అదే హీరో ఎన్టీ రామారావుతో 'పాతాళభైరవి' తీసి జనాన్ని ఊపేసింది. సంస్థ పేరు మార్చలేదు, హీరోను మార్చలేదు. కథ మార్చారు, దర్శకుణ్ణి మార్చారు.

నమ్మకం ధైర్యాన్నిస్తుంది కదా, దాన్ని ఎందుకు లాక్కుంటావు అన్నది గట్టి ప్రశ్న. గుడికి వెళ్ళి కాసేపు కూర్చుని మనసు కుదుటపరచుకుంటే నేను అడ్డు చెప్పను. చేతిలో మిగిలిన చివరి యాభై వేలు నీలం ఉంగరానికీ, శాంతికీ, మెట్లు పగలగొట్టి దిక్కు మార్చడానికీ పోతే మాత్రం చెబుతాను. ఆ యాభై వేలు ఒక తోపుడు బండికీ, నాలుగు పెద్ద గిన్నెలకూ సరిపోయే డబ్బు. లేవడానికి మిగిలిన ఊతకర్ర.

ఇంతకన్నా ఘోరం ఇంటి లోపల జరుగుతుంది. ఆ ఏడాదే పెళ్ళయి ఉంటే, "ఆ పిల్ల కాలు పెట్టిన వేళ" అంటారు. పిల్ల పుట్టి ఉంటే నక్షత్రం చూస్తారు. మూడు రూపాయల వడ్డీ చేసిన పాపాన్ని ఇరవై రెండేళ్ళ అమ్మాయి నెత్తిన పెడతారు. ఆమె తెల్లవారుజామున లేచి అరవై మందికి ఇడ్లీ పిండి కలిపి ఉంటుంది, నగలు తాకట్టుకు ఇచ్చి ఉంటుంది, అయినా నష్టం ఆమె పాదానిదే. అచ్చిరాలేదన్న మాట మేడతో ఆగదు, మనుషుల మీదికి వస్తుంది, ఎప్పుడూ ఇంట్లో అందరికన్నా బలహీనురాలి మీదికే వస్తుంది.

బెంగళూరు ఇలాంటి ప్రశ్నలు గట్టిగా వేసిన ఊరే. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్‌ ఛాన్సలరుగా ఉన్న హెచ్. నరసింహయ్య 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ శాస్త్రీయంగా పరీక్షించడానికి ఒక కమిటీ వేశారు. గౌరిబిదనూరు తాలూకాలోని పేదింటి నుంచి వచ్చిన మాస్టారాయన. నలభై ఏళ్ళ తర్వాత, 2017లో, కర్ణాటక అమానుష ఆచారాలను నిషేధిస్తూ చట్టం చేసింది. అందులో జ్యోతిషాన్నీ వాస్తునూ వదిలేశారు. చట్టం పట్టనిచోట మన బుద్ధే పట్టాలి.

పడినవాళ్ళు ఎలా లేస్తారో చూడాలంటే బొమ్మనహళ్ళిలోనే ఒక ఘట్టముంది. 2016 ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ నిబంధన మార్చింది. యజమాని వాటా సొమ్మును 58 ఏళ్ళు నిండేదాకా తీసుకోవడానికి వీల్లేదంది. గార్మెంట్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు ఆ సొమ్మంటే కుట్టుమిషను కొనే డబ్బు, అప్పు తీర్చి ఊళ్ళో చిన్న కొట్టు పెట్టుకునే డబ్బు. ఏప్రిల్ 18న వాళ్ళు హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. వేలమంది. మరునాటికి కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. ఏ గ్రహం అడ్డొచ్చిందని వాళ్ళు అడగలేదు. ఏ కాగితం అడ్డొచ్చిందో కనుక్కున్నారు.

అప్పు తీర్చకపోతే వచ్చే జన్మలో ఎద్దయి పుట్టి తీర్చాలని మనవాళ్ళు పిల్లలకు చెబుతారు. నిజాయితీగా నష్టపోయిన మనిషిని ఆ మాట ఎంత కుంగదీస్తుందో ఊహించండి. మనం తిట్టులా వాడే "ఐపీ (ఇన్సాల్వెన్సీ పిటిషన్) పెట్టాడు" అన్న మాట వెనక 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టముంది. మోసం చేయకుండా మునిగినవాడికి దారి ఉండాలని వందేళ్ళ కిందటే చట్టం ఒప్పుకుంది. లోకం ఇంకా ఒప్పుకోలేదు. డిక్రీ వచ్చినా అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, ఆచారం ప్రకారం స్త్రీ ఒంటి నుంచి తీయకూడని నగ, చేతిపనివాడి పనిముట్లు జప్తు చేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో ఆదేశించింది. చిన్న అప్పుల వసూలులో దౌర్జన్యాన్ని శిక్షించడానికి కర్ణాటక 2025లో చట్టం తెచ్చింది.

మీ వీధిలో ఎవరైనా ఈ నెల షట్టరు దించితే ఈ సంగతులు వాళ్ళకు చెప్పండి. పాత నోటుబుక్కు తెరిపించి, పక్కన కూర్చుని, ఏ నెలలో ఎన్ని మంచాలు ఖాళీ అయ్యాయో కూడిక వేయించండి. భోజనానికి పిలవండి. ఆ ఇంటి కోడలిని మాత్రం ఒక్క మాట అననివ్వకండి.