పందెపు మైదానమున తల్లివంశము



ఈ నెల మన ముచ్చట గుఱ్ఱపు పందెములను గూర్చి యనగానే మీలో కొందరు పత్రికను మడిచి పక్కను బెట్టుదురేమో! మీ కోపమునకు కారణము లేకపోలేదు. పందెపు పిచ్చి పట్టిన మగవాని యింట పుస్తెలు సహితము తాకట్టునకు బోయిన కథలు మన యూళ్లలో తక్కువా? గుఱ్ఱపు పందెము నేర్పుతో గూడిన యాటయే గాని వట్టి జూదము గాదని 1996వ సంవత్సరమున మన సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. చెప్పిన చెప్పిరి గాక! గాజులమ్మి పాలవాని బాకీ తీర్చిన యిల్లాలికి ఆ తీర్పు వలన నొరిగిన దేమియు లేదు. నేను చెప్పబోవునది పందెపు సొమ్ము మాట కాదు. ఆ పచ్చిక మైదానములపై పరుగెత్తిన కొన్ని యాడుగుఱ్ఱముల మాట. వాని వెనుక పేరు లేక నిలిచిన కొందరు స్త్రీల మాట.

ముందుగా ఆ పందెము లెట్టివో చెప్పెదను. ఇంగ్లండులో క్లాసిక్కులని పేరు వడసినవి యైదు. డాంకాస్టరులో సెయింటు లెజరు 1776లోను, ఎప్సములో ఓక్సు 1779లోను, డెర్బీ 1780లోను, న్యూమార్కెట్టులో రెండువేల గినీల పందెము 1809లోను, వెయ్యి గినీల పందెము 1814లోను మొదలైనవి. గినీ యనగా ఒక పౌను, ఒక షిల్లింగు. నాణెము పోయినది గాని పందెమునకు పేరు మిగిలినది. కంచెలు దూకుట, కాలువలు దాటుట వీనిలో లేదు. చదునైన పచ్చికపై పరుగే. గినీల పందెములు రెండును మైలు దూరము. ఓక్సు, డెర్బీ మైలున్నర. లెజరు మైలు ముప్పాతికకు కొంచెము పైన.

ఈ పందెములలో మూడేండ్ల ప్రాయపు గుఱ్ఱములే పరుగెత్తవలెను. కావున ఎంతటి గుఱ్ఱమునకైనను జన్మలో ఒక్కసారియే యవకాశము. ఆ యేడు కాలు బెణికినను, దగ్గు పట్టినను మరల రాదు. వీనిలో ఓక్సు, వెయ్యి గినీలు ఆడుగుఱ్ఱములకే ప్రత్యేకము. తక్కిన మూడింటను మగవానితో బాటు అవియు పరుగెత్తవచ్చును. 1902లో సెప్టరు అను గోడిగ (ఆడుగుఱ్ఱమునకు మన పాతమాట యిదియే) డెర్బీ తప్ప తక్కిన నాలుగును గెలిచినది. మరి దేనితోను సమముగా గాక, ఒంటరిగా నాలుగు క్లాసిక్కులు గెలిచిన గుఱ్ఱము నేటికిని అదియొక్కటే.

మా పెదనాన్నగారు సికిందరాబాదులో రైల్వే యుద్యోగి. ఒక్క రూపాయి యైనను పందెము కాచి యెరుగరు గాని, పత్రికలలో వచ్చిన గుఱ్ఱముల బొమ్మలను కత్తిరించి ఒక లెక్కల పుస్తకమున నంటించుకొనుట వారికి వ్యసనము. 1959లో నాకు తొమ్మిదేండ్లు. ఆ యేడు వేసవిలో వారొక బూడిదవన్నె గుఱ్ఱము బొమ్మ నంటించుచు, దీని పేరు పెటీటు ఎత్వాలు, అనగా చిన్న చుక్క యని చెప్పి, అది గెలిచిన పందెములు వల్లించుచుండిరి. బియ్యము చెరుగుచున్న మా పెద్దమ్మ తల యెత్తకయే, “ఇంతకును దాని తల్లి యెవరండీ?” అని యడిగినది. సంబంధము చూడబోయినవా రడిగినట్లే యడిగినది. మేమందరము నవ్వితిమి. పెదనాన్నగారు మాత్రము నవ్వలేదు. “అసలు ప్రశ్న అదియే” అనిరి.

నిజముగా అసలు ప్రశ్న అదియే. మేలుజాతి పందెపు గుఱ్ఱముల వంశావళిని 1791 మొదలుకొని ఇంగ్లండులో గ్రంథముగా నచ్చు వేయుచున్నారు. నేటి పందెపు గుఱ్ఱము లన్నియు తండ్రివైపున మూడు మగగుఱ్ఱములకు చెందును. బయర్లీ టర్కు, డార్లీ అరేబియను, గొడాల్ఫిను అరేబియను అని వాని పేర్లు. గుఱ్ఱము నెరిగిన ప్రతివాడు ఈ మూడు పేర్లు అప్పజెప్పును. మరి ఆ తొలినాటి తల్లుల సంగతి? వారిలో పెక్కింటికి పేరే లేదు. ఫలానావారి ఆడుగుఱ్ఱము, ఫలానా దాని చెల్లెలు అని మాత్రమే వ్రాసిరి. మన యిండ్లలో పెద్దకోడలు, రెండవ కోడలు అని పిలిచి పిలిచి పేరు మరచినట్లే కదా!

బ్రూసు లో అను ఆస్ట్రేలియావాడొకడు గెలిచిన గుఱ్ఱములను తల్లి, తల్లికి తల్లి, ఆమెకు తల్లి యని వెనుకకు లెక్కించుకొనుచు పోయి, అన్నియు నలుబది చిల్లర మూలమాతలకు చేరుచున్నవని కనిపెట్టెను. ఆ కుటుంబములకు వరుసగా అంకెలు వేసెను. అతడు గతించిన పిదప 1895లో ఆ పుస్తకము వెలువడినది. అందులో నతడు చేసిన ఊహలన్నియు నిలువలేదు గాని ఆ యంకెలు మాత్రము నిలిచిపోయినవి. నేటికిని గుఱ్ఱములను పెంచువారు ఫలానాది యే కుటుంబమున పుట్టిన దనగా తల్లివైపు చెప్పుదురు. ఇంటిపేరును గోత్రమును తండ్రినుండియే తెచ్చుకొను మనకు ఇది వింతగా లేదా?

ఆ తొమ్మిదవ కుటుంబమునకు మూలమాత ముసలి వింట్నరు గోడిగ యని వ్రాయబడినది. ఆ కుటుంబముననే 1921లో ఒక బూడిదవన్నె పిల్ల పుట్టినది. దాని తండ్రి టెట్రార్కు. మేనినిండ సున్నపు చుక్కలు చల్లినట్లుండి, పరుగెత్తిన యేడు పందెములు గెలిచిన విచిత్రపు గుఱ్ఱము. ఆ పిల్లను 1922లో డాంకాస్టరు వేలములో మూడవ ఆగాఖానుగారి కొరకు 9,100 గినీలకు కొనిరి. ఆగాఖానుగారు నాడు మన దేశమున నుండిన కరాచీలో పుట్టినవారు. దానికి ముంతాజు మహలు అని పేరు పెట్టిరి. తాజుమహలున నిద్రించుచున్న ఆ రాణి 1631లో పదునాల్గవ కాన్పులో ప్రాణము విడిచినదని మీకు తెలియును. ఆమె పేరు గుఱ్ఱమునకు బెట్టుట తగునా యని నాకొకప్పు డనిపించెడిది. తరువాతి కథ తెలిసిన పిమ్మట అనిపించుట లేదు.

రెండేండ్ల ప్రాయమున, 1923లో, ఈ ముంతాజు పరుగు చూచిన ఇంగ్లండు నివ్వెరపోయినది. ఆస్కటులో క్వీను మేరీ పందెమును పది గుఱ్ఱముల నిడివితో గెలిచినది. ఆ యేటి ఆరు పందెములలో ఐదు గెలిచి, చివరిదానిలో మాత్రము బురదనేలపై ఓడినది. మరుసటి సంవత్సరము క్లాసిక్కుల యేడు. వెయ్యి గినీల పందెము దీనిదే యని లోక మంతయు నిశ్చయించుకొన్నది. న్యూమార్కెట్టు మైలు తిన్నగా సాగి, చివరకు పల్లమున దిగి మరల మిట్ట యెక్కును. ముంతాజు ముందుండియే పల్లము చేరినది. ఆ మిట్టపై ఊపిరి చాలలేదు. ప్లాకు అను మరొక పడుచుగుఱ్ఱము దాటిపోయినది. క్లాసిక్కు దక్కలేదు. జన్మలో నొక్కసారియే యని చెప్పితిని గదా; ఆ ఒక్కసారి అట్లు పోయినది. తరువాత పొట్టి దూరపు పందెములలో తన వేగము మరల చూపి, 1924లోనే పరుగు చాలించి పిల్లల తల్లియైనది.

ఇక పెద్దమ్మ ప్రశ్నకు జవాబు వినుడు. ముంతాజు మహలు కూతురు మా మహలు. దాని కొడుకు మహమూదు 1936లో డెర్బీని రెండు నిముషముల 33.8 సెకండ్లలో గెలిచినాడు. ఆ కాలమును 1995 వరకు ఎవరును దాటలేదు. ముంతాజు మరొక కూతురు ముంతాజు బేగము. దాని కొడుకు నస్రుల్లా మహా పెంకెవాడు. పందెమునకు బోవుటకే మొండికేసెడివాడట. కాని అమెరికా చేరి గొప్ప సంతతికి తండ్రియైనాడు. 1973లో మూడు పందెముల కిరీటము గెలిచి, చివరి బెల్మాంటు పందెమును 31 గుఱ్ఱముల నిడివితో గెలిచిన సెక్రెటేరియటు ఈ నస్రుల్లాకు మనుమడు. ఆ సెక్రెటేరియటు యజమానురాలు పెన్నీ చెనరీ యనునామె నలుగురు బిడ్డల తల్లి. తండ్రి మంచము పట్టగా, అమ్మివేయుద మన్నవారి మాట వినక ఆయన గుఱ్ఱపుసాలను నిలబెట్టినది.

మా మహలునకే మా ఇరాను అను కూతురు, దానికి స్టారు ఆఫు ఇరాను, దాని కూతురే మా పెదనాన్నగారి పుస్తకమునకెక్కిన పెటీటు ఎత్వాలు. ముత్తవ్వకు తల్లి యోడిన ఆ వెయ్యి గినీల పందెమునే, ఆ మైలుమీదనే, ఆ మిట్ట యెక్కియే 1959లో ఇది గెలిచినది. నెల తిరుగగానే ఓక్సును గెలిచినది. అప్పుడు రౌతు లెస్టరు పిగటు. వెయ్యి గినీలనాడు అతడు వేరొక గుఱ్ఱము నెక్కి దీనిని డగు స్మిత్తునకు విడిచెను. మగవారి లెక్క యొక్కొకప్పు డట్లే తప్పును. దీని యజమాని ఆలీఖాను మరుసటి యేడు మే నెలలో మోటారు ప్రమాదమున మరణించెను. పెటీటు ఎత్వాలు ఐదేండ్ల ప్రాయము వరకు పరుగెత్తినది. తల్లిగా మాత్రము దానికి అచ్చిరాలేదు. పిల్లలు మూడే. వానిలో జహ్రా యొక్కతెయే ఆడుపిల్ల. ఇంత వంశమును ఒక్క దారమున వ్రేలాడినది. ఆ దారమున నాలుగు తరములు గడచి, 2008లో జర్కవా అను గోడిగ తాను పరుగెత్తిన యేడు పందెములును గెలిచి, పారిసు నగరమునందలి ఆర్కు పందెములో మగవాని నోడించి, ఓటమి యెరుగక యింటికి బోయినది.

1981లో డెర్బీని పది గుఱ్ఱముల నిడివితో గెలిచిన షెర్గారును తల్లివైపున ఈ ముంతాజు మహలు వంశపువాడే. డెర్బీ చరిత్రలో అంతకు మించిన యెడము లేదు. రౌతు వాల్టరు స్విన్‌బర్ను పందొమ్మిదేండ్ల బాలుడు. 1983 ఫిబ్రవరి 8వ తేది రాత్రి ఐర్లండులో ముసుగు దొంగలు షెర్గారును తోలుకొనిపోయిరి. వాని జాడ నేటికిని తెలియదు.

మన దేశపు మాటయు ఒకటి చెప్పి పోయెదను. 1943లో బొంబాయిలో మొదటిసారి జరిగిన ఇండియను డెర్బీని గెలిచినది మగగుఱ్ఱము కాదు. బరోడా మహారాజుగారి ఆడుగుఱ్ఱము, ప్రిన్సెసు బ్యూటిఫులు.

గుఱ్ఱముల తల్లుల నింత శ్రద్ధగా లెక్కించిన ఆ సీమలో, గుఱ్ఱములను సాకిన స్త్రీలకు మాత్రము లెక్క లేకపోయినది. గుఱ్ఱమును స్త్రీ కొనవచ్చును. 1937 డెర్బీలో మొదటి గుఱ్ఱము మిడ్డే సన్ను మిల్లరు దొరసానిది. ఎప్సము మైదానమున డెర్బీ గెలిచిన తొలి స్త్రీ యామెయే. రెండవదియు స్త్రీదే, ఫ్లారెన్సు నాగెలు అను నామెది. కొనవచ్చును గాని, పందెమునకు తర్ఫీదు చేయు లైసెన్సు మాత్రము జాకీక్లబ్బువారు స్త్రీలకు ఇయ్యరు! చీకటితో లేచి, మేత చూచి, కాళ్లు తడవి, ఏ గుఱ్ఱమున కెంత పరుగో నిర్ణయించునది స్త్రీయే. లైసెన్సు మాత్రము సాలలోని పెద్ద గుఱ్ఱపువాని పేర నుండవలెను.

హెలెను జాన్సను హౌటను అను నామె భర్త 1952లో వేటలో ప్రమాదమున మరణించెను. బ్లూబరీ గ్రామములోని గుఱ్ఱపుసాలయు, బిడ్డలును ఆమె మీద పడినవి. 1956లో ఆమె తర్ఫీదు చేసిన జీల్సు డి రే అను గుఱ్ఱము, ఎవరును లెక్కచేయనిది, రెండువేల గినీల పందెమును గెలిచినది. క్లాసిక్కు గెలిచిన గుఱ్ఱమును స్త్రీ తయారుచేయుట అదియే మొదలు. గ్రంథము తెరచి చూచిన నామె పేరుండదు. సహాయకుడైన చార్లెసు జెర్డీను పేరుండును. ఆ మైదానమున నిలిచి, తన గుఱ్ఱము గెలువగా, బహుమతి వేళ వేరొకని పేరు చదువుట విన్న యా తల్లి మనసున నేమనుకొన్నదో! మనలో ఊహింపలేనివారు కొందరే యుందురు.

ఫ్లారెన్సు నాగెలు మాత్రము ఊరకుండలేదు. ఇరువదేండ్లు అడిగి అడిగి, ఎప్పుడును లేదనియే వినివిని, తుదకు న్యాయస్థానమెక్కినది. 1966లో లార్డు డెన్నింగు మొదలగు న్యాయమూర్తులు ఆమె వ్యాజ్యము విచారింపదగినదే యనిరి. జాకీక్లబ్బు దిగివచ్చినది. ఆ యేడే ఆమెకును, నోరా విల్మటు అను మరియొకామెకును లైసెన్సు లిచ్చిరి. అప్పటికి నాగెలుకు డెబ్బది దాటినవి. ఇంగ్లండు క్లాసిక్కును గెలిచిన శిక్షకురాలుగా స్త్రీ పేరు గ్రంథమునకెక్కుటకు ఇంకను పదునేడేండ్లు పట్టినది. 1983లో ఫ్రాన్సునుండి వచ్చిన క్రికెటు హెడ్డు అనునామె మా బీషు అను గోడిగతో గెలిచినది. ఆ పందెము మరల వెయ్యి గినీలే. గుఱ్ఱమెక్కిన స్త్రీకి మరింత ఆలస్యమైనది. 2022లో హాలీ డాయిలు ఫ్రెంచి ఓక్సును నష్వాపై గెలిచి, ఆ పందెము గెలిచిన తొలి స్త్రీరౌతైనది.

హెలెను నూరేండ్లు దాటి బ్రదికి, 2012లో కన్ను మూసినది. ఆ బ్లూబరీ గుఱ్ఱపుసాల కొడుకునకు, అతని నుండి మనుమరాలు ఈవునకు వచ్చినది. 2018లో ఆస్కటులో క్వీను ఆను పందెమును ఆక్సిడెంటలు ఏజెంటు అను గుఱ్ఱము గెలిచినది. ఆ గుఱ్ఱమును పుట్టించి పెంచినదియు, యజమానురాలును ఈవు తల్లి గేయి. తర్ఫీదు చేసినది ఈవు. ఆ నాటి పందెపు పట్టికలో శిక్షకులని యున్న చోట అచ్చైనది ఆమె పేరే.