తెలిసి ఒప్పుకోవడం

సిద్ధార్థ ముఖర్జీ 2010లో వెలువరించిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ కాన్సరు వ్యాధికి రాసిన జీవితచరిత్ర. ఆ గ్రంథం చదివే తెలుగువారు ఒక ఘట్టం దగ్గర తప్పక కాసేపు ఆగుతారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కనిపించే ఘట్టమది. న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం తయారుచేసిన రసాయనాలను, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చి చూశాడు. ఆ కథలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న గర్వం సహజమే, న్యాయమే.

అయితే ఆ గర్వం చూడకుండా దాటిపోయేవారు అదే కథలో మరికొందరున్నారు. ఫార్బర్ మొదట ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన సమ్మేళనాలను వాడినప్పుడు వ్యాధి తగ్గలేదు సరికదా, మరింత వేగంగా ముదిరింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందు పనిచేయవచ్చునన్న ఆలోచన ఆ చేదు అనుభవం నుంచే బలపడింది. అలాంటి మందైన అమినోప్టెరిన్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి కొంతకాలంపాటు నెమ్మదించింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ రక్తకాన్సరులోనూ కీళ్లవాతంలోనూ వాడుకలో ఉంది. ఆ పదహారుగురి పేర్లు ఎందరికి తెలుసు? వారికి ముందు, మందు వికటించిన పిల్లల పేర్లు? సుబ్బారావు జయంతి జరుపుకునేవారు ఆ పసివాళ్లకూ ఋణపడి ఉన్నారు.

ఆ ఋణం తీర్చుకోవడానికి ఉన్న దారి, ఇకపై పరిశోధనలో పాల్గొనే ప్రతివారూ తెలిసి పాల్గొనేలా చూడడమే. నాజీ వైద్యుల విచారణలో 1947 ఆగస్టులో వెలువడిన నూరెంబర్గ్ తీర్పు, మనుషులపై పరిశోధనకు స్వచ్ఛంద సమ్మతిని మొట్టమొదటి నియమంగా నిలిపింది. ఫార్బర్ అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టిందీ ఆ ఏడాది చివరనే. న్యాయస్థానం చెప్పిన మాట ఆసుపత్రి వార్డులకు చేరడానికి దశాబ్దాలు పట్టింది.

తెలుగునాట అది పూర్తిగా చేరనేలేదని 2009లో ఖమ్మం జిల్లా చూపింది. గర్భాశయ ముఖద్వార కాన్సరును నివారించే టీకాను అక్కడ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఒక అధ్యయనంలో భాగంగా ఇచ్చారు. వారిలో చాలామంది వసతిగృహాల్లో ఉండి చదువుకునే పేదింటి, గిరిజన పిల్లలు. ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించడంతో అలజడి రేగి, 2010లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. కానీ అడగకుండా చేసిన మేలుపై జనానికి నమ్మకం కుదరదు. ఆ అపనమ్మకానికి మూల్యం చెల్లించేది ఆ టీకా అవసరమైన ఆడపిల్లలే.

ఇటువంటి ఉదంతాలు విన్నవారు పరిశోధన అంటేనే భయపడితే తప్పుపట్టలేం. ‘మా మీద ప్రయోగాలా?’ అన్న ప్రశ్నలో చరిత్ర ఉంది. అయినా పాల్గొనకపోవడమే క్షేమమనుకోవడం సరికాదు. 2020లో బ్రిటన్ ఆసుపత్రుల్లో జరిగిన రికవరీ అధ్యయనమే ఇందుకు సాక్ష్యం. అందులో 2,104 మంది కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ఇచ్చి, మామూలు వైద్యం పొందిన 4,321 మందితో పోల్చారు. వెంటిలేటరుపై ఉన్నవారిలో ఆ చవకైన పాత మందు మరణాలను దాదాపు మూడోవంతు తగ్గించింది. ప్రాణవాయువు అవసరం లేనివారికి మాత్రం మేలు చేయలేదు. అప్పట్లో ఎందరో ఆశపడ్డ హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆసుపత్రిలో చేరిన రోగులను కాపాడదని తేల్చిందీ ఆ అధ్యయనమే. ఆయాసపడుతూ కూడా సరేనన్న ఆ అపరిచితుల వల్ల హైదరాబాదులోనూ విజయవాడలోనూ వైద్యులకు దారి తెలిసింది.

ఖమ్మానికీ రికవరీకీ మధ్య ఉన్న దూరమంతా ‘అడగడం’ అన్న ఒక్క పనిలో ఉంది. ఆ పనికి చట్టం మాత్రమే చాలదు. బలహీన స్థితిలో ఉన్నవారిపై సరికొత్త మందులను పరీక్షించేటప్పుడు సమ్మతి తీసుకునే తీరును వీడియోలో నమోదు చేయాలని భారతదేశపు 2019 నిబంధనలు చెబుతున్నాయి. మంచిదే. కానీ రోగికి అర్థం కాని భాషను ఎంత స్పష్టంగా చిత్రీకరిస్తే ఏం లాభం? ‘యాదృచ్ఛికీకరణ’ అని రాసినచోట ‘ఎవరికి ఏ మందు వస్తుందో చీటీ తీసినట్టు నిర్ణయిస్తారు’ అని రాయవచ్చు. ‘మధ్యలో మానుకున్నా మీ వైద్యం ఆగదు’ అన్న వాక్యం చివరి పేజీలో కాక మొదటి పేజీలో ఉండవచ్చు. హాని కలిగితే ఖర్చు ఎవరు భరిస్తారో, ఎవరికి ఫోను చేయాలో పెద్ద అక్షరాల్లో చెప్పవచ్చు.

ఈ పని వైద్యులొక్కరివల్ల అయ్యేది కాదు. తెలుగు వాక్యం మీద పట్టున్నవారు ఆసుపత్రుల నైతిక సంఘాల్లో కూర్చుని, సమ్మతి పత్రాలను పల్లెటూరి తల్లికి చదివి వినిపించి, ఆమెకు అర్థమయ్యేదాకా తిరగరాయాలి. సాహిత్యకారులకు ఇంతకన్న అవసరమైన అనువాద కార్యం మరొకటి ఉండకపోవచ్చు. సుబ్బారావు పేరిట జరిగే సభల్లో ఆ పనికి పూనుకుంటే, పేరు తెలియని ఆ పిల్లలకూ అది నివాళి అవుతుంది.