వంటింటి ముచ్చట: చారెడు చిన్నచేపలు

ఈ నెల ముచ్చట చేపలను గురించి. చేప ముట్టని యిళ్ళవారు పేజీ తిప్పేయవద్దు. చివరన మీకూ పనికివచ్చే మాట వొకటి వున్నది.

మా చిన్నకోడలు యానాం పిల్ల. బీదరు కాపురానికి వచ్చి రెండేళ్ళయింది. మొన్న దీపావళి వెళ్ళిన నాటినుంచి దిగులుగా కనబడింది. "ఏమే అమ్మాయీ, వొంట్లో బాగా లేదా?" అంటే, "అదేమీ లేదత్తయ్యా. మావైపు తూర్పుగాలి తిరిగివుంటుంది, చీరమీను దిగివుంటుంది" అన్నది. నాకు సగమే అర్థమయింది. పక్కింటి కన్నడపావిడ మాత్రం యిట్టే పట్టేసింది. వాళ్ళ భాషలో సీరె అంటే చీర, మీను అంటే చేప. "చీర కట్టుకున్న చేపా?" అని నవ్వింది.

కట్టుకున్నది కాదు, చీరతో పట్టేది. గౌతమి సముద్రంలో కలిసే చోట, దసరా వెళ్ళింది మొదలు కార్తీకం దాకా, కొద్ది వారాలపాటు దారప్పోగులవంటి చేపపిల్లలు గుంపులుగా వస్తవి. మామూలు వలకన్నులోనుంచి అవి జారిపోతవి. అందుచేత పలుచని పాతచీరను యిద్దరు చెరొక కొసా పట్టుకొని, నీళ్ళలో ముంచి పైకి లేపుతారు. నీళ్ళు కారిపోగా అడుగున పిడికెడు చేప మిగులుతుంది. దాన్ని తూచరు, గ్లాసుతోనో కుంచంతోనో కొలిచి అమ్ముతారు. చీర అమ్ముకొనైనా చీరమీను తినాలని ఆ వైపు సామెత. కార్తీకంలో నీచు ముట్టని అత్తలకూ, ఆగలేని కోడళ్ళకూ యేటా వొక చిన్న తగాదా తప్పదట!

వండే తీరు కూడా అడిగి తెలుసుకున్నాను. తల, తోక తీసే పని లేదు. పలుచని గుడ్డలో పోసి, యిసుక పోయేదాకా నాలుగైదు నీళ్ళు కడగాలి. ఉల్లి, పచ్చిమిరప నూనెలో మగ్గిన తరువాత పసుపు, కారం, దంచిన పచ్చి చింతకాయ వేసి, ఆ పైన చేప వేస్తారు. అయిదారు నిమిషాలలో దించవలసిందే. మరికొంత శనగపిండి కలిపి గారెలుగా కూడా వేస్తారు.

ఇది బీదరుకు యెట్లా వస్తుంది? మన మంజీర నీళ్ళు కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, చివరికి అక్కడికే పోతవి. నీళ్ళు పోయినంత సులువుగా చేప యెదురెక్కి రాలేదు. దారిలో ధవళేశ్వరం ఆనకట్ట వున్నది, యిటు 1931లో పూర్తయిన నిజాంసాగరు వున్నది, దానికి పైన సింగూరు వున్నది.

కోడలు వూరుకోలేదు. ఆదివారంనాడు మంజీర వొడ్డున మా మరిది పొలానికి పోయినప్పుడు, నా పాతచీర వొకటి చంకన పెట్టుకొని వచ్చింది. మోకాటిలోతు నీళ్ళలో అత్తాకోడళ్ళం చెరొక కొసా పట్టాము. నాలుగు ముంపులకే వేలెడేసి చేపలు గిన్నెడయినవి. ఇద్దరమూ చిన్నపిల్లల మాదిరి కేకలు పెట్టాము.

వల వుతుక్కుంటున్న బెస్త తాత వొకాయన లేచి వచ్చి గిన్నెలోకి చూశాడు. "అమ్మా, గిండ్ల రెండు జాతులున్నయి. తోకకాడ నల్లచుక్క వున్నయి పరిగెలు. గవి యింతకంటె పెద్దగ పెరగవు, తినుండ్రి. గీ పెద్దతలకాయవి, నోరు మీదికి తిరిగినయి, బొచ్చెపిల్లలు. ఏడాది వుంచితే వొక్కొక్కటి కిలో తూగుతది. మీరు తినేది వొక కూరనే, మాకు పోయేది వచ్చే యేటి బతుకు" అన్నాడు.

తాత యేరి చూపుతూవుంటే కోడలే వొక్కొక్క పిల్లనూ నీళ్ళలో వదిలింది. గిన్నె సగమయింది. తిరుగుదారిలో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటికి వచ్చినాక, "అత్తయ్యా, మా చీరమీను కూడా సముద్రంలో పెద్దవయ్యే చేపల పిల్లలే కదా! మేము గ్లాసులకొద్దీ తిన్నాము" అన్నది.

నిజమే. కాని యిద్దరు మనుషులు పాతచీరతో పట్టేది యెంత? దోమతెరవంటి సన్నకన్ను వలలు అడ్డంగా కట్టి నది వూడ్చినప్పుడు వచ్చే చేటు వేరు. విత్తనాల వడ్లలో చారెడు పేలాలకు తీసిన యిల్లు పాడుకాదు, గరిసె వూడ్చి వండుకున్న యిల్లే పాడవుతుంది. చేప తిననివారికి నేను చెబుతానన్న మాట యిదే.

ఆ పూట పరిగెలు పులుసు పెట్టాము. అరకిలో పరిగెలకు రాళ్ళుప్పు వేసి రాతిమీద రుద్దితే పొలుసు వూడుతుంది. పొట్ట నొక్కి శుభ్రం చేయాలి, లేకుంటే చేదు. మెంతులు, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ వేగినాక కారం, పసుపు, ఉప్పు, నిమ్మకాయంత చింతపండు రసం పోసి బాగా మరగనివ్వాలి. చేప ఆ తరువాతనే వేయాలి. గరిటె పెట్టవద్దు, చితికిపోతవి. గుడ్డతో గిన్నె అంచులు పట్టి తిప్పాలి. సన్నని సెగమీద పది నిమిషాలు చాలు. మెత్తని ముల్లుతో సహా నమిలి తింటే యెముకలకు సున్నం అందుతుంది. మర్నాడు జొన్నరొట్టెతో తింటే మరీ బాగుంటుంది.

కోడలు రెండు రొట్టెలు తిని, తల్లికి ఫోను చేసింది. "ఈసారి వూరికి వస్తే చీరమీను వొక్క గ్లాసే కొనమ్మా, చీరతో పట్టినదే" అంటున్నది. అవతల ఆవిడ యేమన్నదో గాని, మా అమ్మాయి చాలాసేపు నవ్వింది.

మీ యిళ్ళలో పెద్దవాళ్ళు యీ చిన్నచేపలను యేమని పిలిచేవారో, యెట్లా వండేవారో రాసి పంపండి. వచ్చే నెల చలికాలపు రొట్టెల ముచ్చట.