తీర మొకటి – కాపరులు పలువురు

“పదిమందిలో పాము చావదు” అని మన పెద్దలు చెప్పిరి. చేతిలో కఱ్ఱలు లేక కాదు, గుండెలో ధైర్యము లేక కాదు. దెబ్బ ఎవరు వేయవలెనో తేలకపోవుటచేతనే పాము పుట్ట చేరును. దేశరక్షణ విషయమున ప్రభుత్వములకు కలిగిన వైఫల్యములలో పెక్కింటికి మూల మిదియే. సైన్యము చాలకపోవుట, ఆయుధములు పాతబడుట అందఱి కంటికిని కనబడు లోపములు. సమాచారము తెలిసినవా రొకరు, నిర్ణయము చేయువా రొకరు, దానిని నడపువారు మఱియొకరై, ఆ మూడు వర్గములకు నడుమ లంకె లేకపోవుట కంటికి కనబడని లోపము. మొదటిదానిని ధనముతో తీర్చవచ్చును. రెండవది వ్యవస్థను మార్చిననే గాని తీరదు.

ఇది ఢిల్లీవారి చర్చ యని, కృష్ణాడెల్టాలోని మనకు దీనితో నిమిత్తము లేదని తలపరాదు. శాసనములందు కంటకసేల యని పేర్కొనబడిన మన ఘంటసాలను, గ్రీకు భూగోళజ్ఞుడు టాలెమీ వర్తకస్థానముగ నెఱుగును. సముద్రము దూరమైనను ఆ సముద్రముతోడి సంబంధము మనకు తీరలేదు. ఆ మార్గమున వర్తకులు వచ్చిరి, భిక్షువులు వచ్చిరి, తుదకు సైనికులును వచ్చిరి. పొందిక లేని రక్షణ యెట్లు కూలునో తెలిసికొనుటకు మన విద్యార్థులు దూరదేశముల చరిత్ర తిరుగవేయ నక్కఱలేదు. బందరుకోట కథ చాలును.

1758లో ఫ్రెంచి సేనాని లాలీ పుదుచ్చేరికి వచ్చి, దక్కనులో ఏండ్ల తరబడి ఫ్రెంచివారి పలుకుబడిని నిలిపిన బుస్సీని వెనుకకు పిలిపించెను. ఉత్తర సర్కారుల రక్షణభారము కాన్‌ఫ్లాన్సు అను అధికారిపై బడెను. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు ఫ్రెంచివారిపై తిరుగబడి క్లైవు సాయము కోరగా, అతడు వంగదేశమునుండి ఫోర్డును పంపెను. ఆ డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఓడిన ఫ్రెంచివారు బందరు చేరిరి. 1759 మార్చిలో ఫోర్డు కోటను ముట్టడించెను. లెక్క చూచినచో నిలువవలసినవారు ఫ్రెంచివారే. కోటలోని సైన్యము ముట్టడించిన సైన్యముకంటె అధికము. దక్కను సుబేదారు సలాబత్‌జంగు పెద్ద సేనతో వారి పక్షమున కదలివచ్చెను. సముద్రముమీదుగ అదనపు దళమును రావలసియుండెను.

అయినను ఆ బలములు మూడును ఒక్కటి కాలేదు. పుదుచ్చేరి ఆలోచన యొకటి, బందరు అక్కఱ యొకటి, సుబేదారు లెక్క యొకటి. ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు సేన మూడుచోట్ల కోటపై బడెను. దృష్టి మరల్చు తాకిడి యేదియో, అసలు తాకిడి యేదియో దుర్గాధిపతికి తేటపడక మునుపే కోట చేజాఱెను. సాయపు ఓడలు కొలదిదినముల పిమ్మట వచ్చి, చేయునది లేక మరలిపోయెను. మే నెలలో సలాబత్‌జంగు గెలిచినవారితోనే సంధి చేసికొని బందరు ప్రాంతమును వారికి వ్రాసియిచ్చెను. కోటను పడగొట్టినది ఫిరంగు లనుటకంటె, రక్షకుల పొందికలేమి యనుట న్యాయము.

స్వతంత్ర భారతమున ధైర్యమునకు కొఱత లేదు; పొందికకు మాత్రము పలుమార్లు కొఱత గలిగినది. 1962లో చైనాతో జరిగిన యుద్ధమున మన సేన కొండలలో నెత్తురోడుచుండగా, యుద్ధవిమానములు శత్రువుపై దాడికి పంపబడలేదు. ఆ పరాజయమును విచారించిన హెండర్సన్ బ్రూక్స్ – భగత్ నివేదిక 1963లో సిద్ధమైనను ప్రభుత్వము దానిని అధికారికముగ వెలువరింపలేదు. 1999లో కార్గిల్ యుద్ధానంతరము కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన ఏర్పడిన సమీక్షాసంఘము, సమాచారమును సేకరించు సంస్థల నడుమ సమన్వయము కొఱవడినదని తేల్చినది. 2001లో మంత్రుల బృందము, త్రివిధ దళముల పక్షమున ప్రభుత్వమునకు ఒక్క నోట సలహా చెప్పు ప్రధానాధికారి కావలెనని సిఫారసు చేసెను. జనరల్ బిపిన్ రావత్ ఆ పదవిని స్వీకరించినది 2020 జనవరి 1న. సిఫారసునాడు పుట్టిన శిశువు ఉన్నతపాఠశాల దాటి కళాశాలలో చదువు వయస్సునకు వచ్చిన పిదప గాని ఆ కుర్చీ వెలయలేదు! 2021 డిసెంబరులో హెలికాప్టరు ప్రమాదమున ఆయన మరణించిన తరువాత, మఱుసటి సెప్టెంబరు నెలాఖరువఱకు ఆ కుర్చీ ఖాళీగనే యుండెను. అంత అవసరమైన పదవి తొమ్మిది నెలలకు పైగా ఖాళీగ నుండుట ఎట్లు చెల్లినది?

తీరరక్షణ కథయు నిట్టిదే. 2008 నవంబరు 26న పదిమంది ముష్కరులు సముద్రమార్గమున ముంబయి చేరి 166 మందిని బలిగొనిరి. అటుపిమ్మట బాధ్యతలు పంచబడెను. సముద్రరక్షణ మొత్తమునకు నౌకాదళము, ప్రాదేశిక జలములకు తీరరక్షకదళము, ఒడ్డుకు చేరువ నీటికి రాష్ట్రముల మెరైను పోలీసులు. మన గిలకలదిండి, పాలకాయతిప్ప స్టేషన్లు ఆ మూడవ వరుసలోనివి. మత్స్యశాఖ, కస్టమ్సుశాఖ, రేవుల అధికారులు వేఱు. పంపకము మంచిదే. పంచినదానిని కూర్చు జాతీయ సముద్రభద్రతా సమన్వయాధికారి నియామకము మాత్రము 2022 ఫిబ్రవరిలో, అనగా పదమూడేండ్ల పిదప జరిగినది.

దివిసీమలోనే మఱియొక నిదర్శనము కలదు. నాగాయలంక మండలము గుల్లలమోద యొద్ద క్షిపణి ప్రయోగక్షేత్రము నెలకొల్పు తలంపు పుట్టి దశాబ్దము దాటిన పిమ్మట, 2025 మే 2న సుమారు 1,460 కోట్ల రూపాయల ఆ నిర్మాణమునకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. నడుమ భూమి ప్రశ్న, మడ అడవుల ప్రశ్న, వన్యప్రాణుల ప్రశ్న, తీరప్రాంత నిబంధనల ప్రశ్న వచ్చెను. ఇవి అడ్డంకు లనుట సరికాదు. మడయడవి ఉప్పెనను ఆపు గోడ యని 1977 నవంబరు 19ని చూచిన దివిసీమకు వేఱే చెప్పనేల? వేటయే జీవనమైన మత్స్యకారుని ప్రశ్నయు నట్టిదే. ప్రశ్నలన్నియు న్యాయమైనవే. అవి ఒకే బల్లచుట్టు ఒకేసారి అడుగబడక, ఒక కచేరి ముగించినపిదప మఱియొక కచేరి మొదలిడుటయే కాలహరణమునకు కారణము. రక్షణయు ప్రకృతియు పరస్పర విరోధులు కావు. విడివిడిగ నడచు ఫైళ్లే వానిని విరోధులను చేయుచున్నవి.

ఇందులకు ఆక్షేపణ యొకటి కలదు. అధికారము ఒకచోట చేరినచో ప్రజాప్రభుత్వమునకు ముప్పు కాదా యని. 1958లో పాకిస్తానున సేనాపతి అయూబ్‌ఖాను పాలన చేజిక్కించుకొనుట చూచిన మన తొలితరము నాయకులకు ఈ శంక కలుగుట సహజము. కాని సమన్వయము వేఱు, కేంద్రీకరణము వేఱు. వీణకు తంత్రులు పెక్కు, శ్రుతి ఒకటి. శ్రుతి చేసినందువలన ఏ తంత్రియు తన స్వరమును కోల్పోదు. నిర్ణయము మంత్రిమండలిది, ప్రశ్న పార్లమెంటుది, సలహా సైనికులది. ఈ హద్దులు తేటగ నుండుటయే సమన్వయమునకు మొదటి మెట్టు.

కావున సంస్కరణ మనగా క్రొత్త సంఘమును వేయుట యని భావింపరాదు. సంఘములు మనకు తక్కువ కాలేదు. అంగీకరించిన ప్రతి సిఫారసునకు బాధ్యుడైన అధికారియు, ముగింపు గడువును నిర్ణయింపవలెను. ఏది నెఱవేఱినది, ఏది నిలిచిపోయినది, ఏల నిలిచినదను లెక్కను, రహస్యము లగు అంశములు మినహాయించి, ఏటేట పార్లమెంటు ముందుంచవలెను. కీలకమైన పదవి ఖాళీయైన నాడే దానిని ఎవరు నిర్వహింతురో ముందుగ వ్రాసియుంచవలెను. వీనికంటె ముఖ్యమైనది వార్త క్రిందినుండి పైకి పోవు దారి. కడలిలో క్రొత్త పడవను మొదట చూచువాడు మత్స్యకారుడు. అతడు చెప్పిన మాట ఎవరికి చేరినది, ఏమైనది అని అతనికి మరల తెలుపని వ్యవస్థకు రెండవమారు అతడు చెప్పడు.

ఉపాధ్యాయులకు ఒక్క మనవి. యుద్ధముల పాఠమున తేదీలు, సేనానుల పేర్లు వల్లె వేయింతుము. బందరుకోట పాఠము చెప్పునాడు, “వచ్చుచున్న సేన కొఱకు కోట ఏల నిలువలేకపోయినది?” అను ప్రశ్నను పిల్లల ముందుంచిన మేలు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకిన విద్యార్థి రేపు ఏ కచేరిలో కూర్చున్నను, ప్రక్క కచేరిలోనివా డేమి చేయుచున్నాడో తెలిసికొనక తన ఫైలును మూయడు.